సంతకం చేయాల్సిన మనిషి

తామ్వే, యాంగోన్
10 ఫిబ్రవరి 2021

వదినా,

నువ్వు పంపిన మెసేజీలన్నీ నిన్న ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మొదటి దాంట్లో "దరఖాస్తు ఎంతవరకు వచ్చింది?" అని ఉంది, చివరి దాంట్లో "బతికే ఉన్నావా?" అని ఉంది. బతికే ఉన్నాను. దరఖాస్తు సగంలో ఉంది.

ఇక ఫోనులో ఏమీ రాయకు. నా ఫోనులో ఉన్నవన్నీ తుడిచేశాను. రోడ్డు మీద ఆపి ఫోన్లు చూస్తారని అందరూ అంటున్నారు. ఆఫీసులో తీగ ఇంటర్నెట్ పగటిపూట పనిచేస్తోంది కాబట్టి, ఇంట్లో ఇలా తీరిగ్గా ఉత్తరం రాసుకుని అక్కడినుంచి మెయిల్ చేస్తాను. తెలుగు చదివేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువే. అసలు లేరని మాత్రం అనుకోకు.

తీరిగ్గా అన్నాను గానీ, ఒకచోట కూర్చోలేకపోతున్నాను వదినా. నాలుగు వాక్యాలు రాయగానే వీధిలోకి వెళ్ళి చూసి రావాలనిపిస్తుంది. సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచీ సాయంత్రం ఎనిమిదయ్యేసరికి వీధంతా గిన్నెలు మోగుతాయి, దయ్యాన్ని తరిమినట్టు. గంగాభవాని అత్త నాకంటే ముందే గుమ్మంలో నిలబడుతుంది. కొట్టీ కొట్టీ ఇడ్లీ గిన్నె మూత సొట్టలు పోయింది. "పోతే పోనీ, మూత మళ్ళీ కొనుక్కోలేమేటి?" అంటోంది.

మొన్న నా కాగితాలు చూసి అడిగింది: "ఏటే తారా, ఇంజినీరువి కావు, మేస్త్రీవి కావు, మరేటి నువ్వు?" ఆర్కిటెక్ట్ బొమ్మ గీస్తాడు, గోడ పైకప్పుని ఎలా కలవాలి, వాన నీళ్ళు ఎటు పోవాలి, నిప్పంటుకుంటే మనుషులు ఎటు పోవాలి, అవన్నీ తేల్చి గీసే టెక్నాలజిస్టుని నేను అని చెప్పాను. "మరి మద్దిన ఆ సీమోళ్ళు ఒప్పుకునేదేటి?" అంది. ఇంగ్లండులో ఆ సంస్థవాళ్ళు చార్టర్డ్ అని ఒప్పుకుంటే, నా గీతకి నేనే జవాబుదారీనని నలుగురిలో చెప్పుకోవచ్చు అన్నాను. "ఇప్పుడు కావేటి?" అంది. ఆ ప్రశ్న నీకే పంపుతున్నాను. నీకు తెలిస్తే చెప్పు.

రుజువుగా నది అవతల దలాలో కడుతున్న ఆసుపత్రి పని చూపిస్తున్నాను. మెత్తటి నేల, మూడంతస్తులు, ముందొక మెట్ల దారి, వెనకొకటి. నా పని దగ్గరుండి చూసిన పెద్ద ఒకరు సంతకం పెట్టాలి. బంధువువి కాబట్టి నువ్వు పనికిరావు. మన గురువుగారు సయా ఉన్నారు. కానీ ఆయన హెల్మెట్ పెట్టుకుని ఇంజనీర్ల ఊరేగింపులో ముందు వరసలో నడుస్తున్నారు. "వచ్చే వారం, తారా" అంటున్నారు. మనిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి పని నేర్పిన రోజుల్లో కూడా ఆయన మొహం ఇంతగా వెలగలేదు.

సుభాష్ అన్నని అడిగానని చెప్పు.

తార

*

షెఫీల్డ్
17 ఫిబ్రవరి 2021

తారా,

ఉత్తరం చూసి మీ అన్న రెండుసార్లు చదివి, వెళ్ళి గిన్నెలు కడిగాడు. అతని సంగతి నీకు తెలుసు. ఇక్కడ లాక్‌డౌన్. ఇద్దరం ఒకే గదిలో రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని, పగలంతా మాట్లాడుకోకుండా గడిపి, వంటింట్లో కలిసినప్పుడు "బాగున్నావా?" అని పలకరించుకుంటున్నాం.

అత్తకి జవాబు ఇదీ. ఇప్పుడు కూడా నువ్వు జవాబుదారీవే, కాకపోతే తప్పు జరిగితే నీది, ఒప్పు జరిగితే ఆఫీసుది. చార్టర్డ్ అయ్యాక ఒప్పులో కూడా కాస్త వాటా వస్తుంది. నాకు వచ్చింది, అందుకే చెబుతున్నా.

ఊరేగింపులు ఊరేగింపులే, పని పనే. సయా హెల్మెట్ తీసిన అయిదు నిమిషాల్లో సంతకం పెట్టించుకో. వసంతంలో ఇంటర్వ్యూలకి పేర్లు తీసుకుంటారు, అది దాటితే మళ్ళీ ఎప్పటికో. చార్టర్డ్ చేతికొస్తే నీకు ఏ దేశమైనా తలుపు తెరుస్తుంది. ఇంట్లో వెనక గది ఖాళీ చేస్తున్నాం. మీ అన్న అందులోకి గీతల బల్ల ఒకటి తెచ్చాడు.

జాగ్రత్త. వీధి చివర ఉన్నవి చూడ్డానికి వీధి చివరకే వెళ్ళక్కర్లేదు.

నీ వదిన
ఆశ

*

తామ్వే
8 మార్చి 2021

వదినా,

మన వీధికి ఇప్పుడు గేటు ఉంది. వెదురు, ఇసక బస్తాలు, పాత మంచాలు. దాని పైన తీగ కట్టి ఆడవాళ్ళ లుంగీలు ఆరేశారు. వాటి కిందనుంచి నడిస్తే మగతనం పోతుందని సైనికులకి భయం. అత్త తన నేత చీర ఒకటి ఇవ్వబోయింది. "చీరకి భయపడరు అత్తా, వాళ్ళకి దాని సంగతి తెలీదు" అన్నాను. "తెలీకపోతే మరీ బయం కదేటి" అంది. ఇచ్చేసింది.

ఆఫీసు వారంలో రెండు రోజులే. సయా ఈ ఊరి గాలి పడక వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళారు. ఎప్పుడు వస్తారో తెలియదు. ఆయన ఆరోగ్యం అలాంటిది కాబట్టి ఇప్పుడు తొందరపెట్టకూడదు. ఆయన భార్య డా ఖిన్ మే ఇంటి దగ్గరే ఉన్నారు, ఆవిణ్ణి కూడా కదపకూడదు. దరఖాస్తు ఆగింది.

ఇంటికి వచ్చే దారిలో నిన్న పరిగెత్తాల్సి వచ్చింది. ఎవరో తెలియని వాళ్ళ ఇంట్లో, వాళ్ళ దేవుడి గూటి ముందు కూర్చున్నాను చాలాసేపు. వాళ్ళు నాకు టీ ఇచ్చారు. నా పేరు అడగలేదు, వాళ్ళ పేరు చెప్పలేదు.

వెనక గది మాట చదివాను. బల్ల మంచిదేనా?

తార

*

షెఫీల్డ్
15 మార్చి 2021

తారా,

నువ్వు పరిగెత్తిన సంగతి మీ అన్నకి చెప్పలేదు. ఇలాంటివి వేరే కాగితం మీద నాకు విడిగా రాయి.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, తిట్టుకోకు. గాలి పడక మనిషి చెల్లెలి ఊరు వెళ్తే అక్కడ చేతులు పనిచేయవా? సంతకానికి ఎంతసేపు? నాకు ఒకటి అర్థమైంది. నీకు ఇంటర్వ్యూ అంటే భయం. నాకూ ఉండేది. ఇంటర్వ్యూ చేసే ఇద్దరూ మన వయసువాళ్ళే, మర్యాదస్తులు, తెలియకపోతే తెలియదంటే చాలు. నువ్వు సయా మీద పెట్టి వాయిదా వేస్తున్నావు.

అందుకని నేనే పూనుకున్నాను. ఆయన పాత నంబరు నా దగ్గర ఉంది. నిన్న రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరో ఎత్తి మాట్లాడకుండా పెట్టేశారు. ఆ నంబరు ఇక్కడి సంస్థవాళ్ళకి కూడా ఇచ్చాను. వాళ్ళ ఆఫీసు నుంచి నేరుగా ఆయనకి ఫోన్ చేసి, నీ పని తనకి తెలుసని ఒక్క మాట అడుగుతారు. అదైపోతే సంతకం తర్వాత పంపినా ఫరవాలేదట. చూశావా, ఎంత తేలికో!

బల్ల మంచిది. ఎత్తు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నీ ఎత్తుకి సరిపోతుంది.

నీ వదిన
ఆశ

*

తామ్వే
4 ఏప్రిల్ 2021

వదినా,

సయా చెల్లెలి ఊరు వెళ్ళలేదు. ఆయనకి చెల్లెలే లేదు. నువ్వు ఆయన దగ్గర అన్నేళ్ళు పనిచేశావు, నీకు గుర్తుంటుందనుకున్నాను.

మార్చి మొదట్లో ఆయన కోసం ఆఫీసుకి మనుషులు వచ్చారు. అప్పటికే ఆయన వెనక వీధిలోంచి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయన పేరు టీవీ వార్తల్లో, పట్టివ్వవలసినవాళ్ళ వరసలో వచ్చింది, ఫొటోతో సహా. కాబట్టి దాచి రాయడం ఇక అనవసరం.

ఫోను ఆయన ఇంట్లోనే వదిలేశారు. నువ్వు చేసినప్పుడు ఎత్తింది డా ఖిన్ మే. తెలియని విదేశీ నంబరు, ఎవరో ఆడమనిషి బర్మీస్‌లో ఆయన గురించి అడుగుతోంది. ఆ తర్వాత ఎవరో మగమనిషి ఇంగ్లీషులో, ఆయన పూర్తి పేరు, హోదా చెప్పి, ఉన్నారా అని. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆయన పేరు మాత్రం అర్థమైంది. ఇల్లు కనిపెట్టడానికి ఎవరో ఎత్తు వేస్తున్నారనుకుని, ఆ పూటే రెండు సంచులతో ఇల్లు విడిచి వచ్చేశారు.

ఎక్కడికి వచ్చారనుకున్నావు? మా ఇంటికి. గుమ్మంలో నిలబడి, "ఆ నంబరు ఎవరికైనా ఇచ్చావా?" అని అడిగారు. లేదన్నాను. నీ ఉత్తరం మర్నాడు ఆఫీసుకి వెళ్ళాక చదివాను. ఇంటికి వచ్చి నిజం చెప్పాను.  ఆవిడ అన్నం తింటున్న కంచం పక్కకి పెట్టి లేచారు. అత్తే ఆపింది, తన యాస బర్మీస్‌లో: "మా గుంటలిద్దరికీ బుర్రలేదమ్మా. నువ్వు కూకో. ఎల్లడానికి నీకు ఇల్లేదీ?"

ఉన్నారు ఇక్కడే. అత్త గదిలో.

నాకు ఇంటర్వ్యూ అంటే భయం లేదు వదినా. ఆ సంస్థకి చెప్పు, ఇంకెవరికీ ఫోన్ చేయొద్దని. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను.

తార

*

షెఫీల్డ్
9 ఏప్రిల్ 2021

తారా,

సంస్థకి ఫోన్ చేసి ఆ నంబరు తీయించాను. మొదట అది రాయాలి కాబట్టి మొదట రాశాను.

 ఆవిడ పాదాలకి నా దండం పెట్టు.  చెల్లెలు లేదన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఇక్కడ మనం మనుషుల్ని ఎంత తొందరగా మరిచిపోతామో నాకే తెలియదు.

కానీ నువ్వు కూడా నాకు ఒక్క ముక్క సూటిగా రాయాల్సింది. "తొందరపెట్టకూడదు" అంటే నేను ఏమనుకోను? నా మీద నీకు నమ్మకం లేక దాచావా, నన్ను కాపాడ్డానికి దాచావా?

దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు, పక్కన పెట్టించాను. కోప్పడకు. మీ అన్న అంటున్నాడు, ఇప్పుడైనా బయటికి వచ్చెయ్యమని. నేనేం చెప్పను? గది ఉంది.

ఆశ

*

తామ్వే
23 మే 2021

వదినా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. ఉంది, కానీ తగ్గింది. డా ఖిన్ మే నీ దండం అందుకుని "ఆ అమ్మాయి గీసిన కిటికీలు మా ఆయనకి చాలా ఇష్టం" అన్నారు. అంతకంటే ఏం కావాలి నీకు!

సయా ఆఫీసులో ఇంకో భాగస్వామి ఉన్నాడు కదా, ఆయనే ఇప్పుడు యజమాని. దలా ఆసుపత్రి గోడలు లేచాయి, పైకప్పు పడింది, తలుపులు రాలేదు. ఆయన వెనక భాగం కింది అంతస్తు సిమెంటు గోదాముకి ఇస్తానని ఎవరికో మాట ఇచ్చాడు. అలా చేస్తే వెనక మెట్లకి కింద గోడ వస్తుంది. నన్ను పిలిచి, "గీతలు మార్చి నీ పేరు వెయ్యి" అన్నాడు.

"పైన పడుకున్నవాళ్ళు ఎటు దిగుతారు?" అన్నాను.

"ముందు మెట్లున్నాయిగా."

"పొగ ముందునుంచే వస్తే?"

"ఇప్పుడు ఊరు తగలబడుతోంది, నువ్వు రాని పొగ గురించి మాట్లాడతావా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు వదినా, భయపడ్డాడు. జీతాలు ఇవ్వాలి. నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. కానీ నా పెన్ను మాత్రం కదల్లేదు.

పడవెక్కి దలా వెళ్ళాను. ఆసుపత్రి కట్టిస్తున్నవాళ్ళ తరఫున డాక్టర్ ఎయి ఎయి మూ ఉంటారు, యాభై దాటిన మనిషి, సైన్యానికి వ్యతిరేకంగా డాక్టర్లు చేస్తున్న సమ్మెలో ఉన్నారు. ఆమెని ఆ మెట్ల మీదికి ఎక్కించి, గోడ ఎక్కడ వస్తుందో చూపించాను. ఆమె అక్కడే కూర్చుని యజమానికి ఫోన్ చేసి, గోదాము లేదని చెప్పేశారు. సాయంత్రానికి నా ఉద్యోగం కూడా లేదు.

ఇక ఆఫీసుకి వెళ్ళే పని లేదు. అత్త "బాగనే చేసినావు" అంది. తర్వాత మంచం మీద అటు తిరిగి పడుకుంది. నాకిక్కడ ఇక మిగిలింది ఏమిటా అనిపిస్తోంది. ఈ మెయిల్ ఒక స్నేహితురాలి ఇంటినుంచి పంపుతున్నాను.

తార

*

షెఫీల్డ్
30 మే 2021

తారా,

మీ అన్న నిన్న నవ్వాడు. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదలు. "ఉద్యోగం వదిలేసింది, ఇక అక్కడ మిగిలిందేమీ లేదని రాసింది, వచ్చేస్తోంది" అని ఇల్లంతా తిరిగాడు. చలికోటు కూడా తెచ్చాడు, ఎర్రది. నీకు ఎరుపు ఇష్టం లేదని చెప్పినా వినలేదు. అత్తని శ్రీకాకుళంలో మన కూర్మనాథం బాబాయి వాళ్ళు పెట్టుకుంటామన్నారట, మాట్లాడాడు.

పాస్‌పోర్టు కాపీ పంపు. టికెట్ల సంగతి మేం చూస్తాం.

మెట్ల విషయంలో నువ్వు చేసినది నేనైతే చేసేదాన్నో లేదో తెలియదు. అది మాత్రం నిజంగా రాస్తున్నాను.

నీ వదిన
ఆశ

*

దలా
21 జూలై 2021

వదినా,

కోటు సంగతి చదివి నెలన్నర దాటింది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకోవడం ఒప్పుకోవడం అనుకుని ఉంటారు మీరిద్దరూ. ముందుగా అన్నకి చెప్పు, నేను రావడంలేదని. మిగిలిందేమీ లేదని నేను రాసింది ఆఫీసు గురించి. అత్తని శ్రీకాకుళం పంపే సంగతి అత్తకి చెబితే, "నాను పుట్టింది ఈ ఊళ్ళోనే, అహ్లోన్‌లోన. సీకాకోళం నాకేటి ఎరిక? ఆ కూర్మనాథం మొకం కూడా నాను సూడలేదు" అంది.

ఊరు మూలుగుతోంది. ఇంటింటికీ జ్వరం. మందు కావాలంటే గుమ్మానికి పసుపు గుడ్డ, బియ్యం కావాలంటే తెల్ల గుడ్డ కడుతున్నారు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనుషులు వాటిని నెత్తిన పెట్టుకుని వరసల్లో నిలబడుతున్నారు. డాక్టర్ ఎయి ఎయి మూ తలుపులు లేని ఆసుపత్రినే తెరిచేశారు. నన్ను రమ్మన్నారు. మంచాలు ఎటు పెట్టాలి, గాలి ఎటునుంచి ఎటు పోతుంది, సిలిండర్లు ఎక్కడ దించాలి, అవి చూడ్డానికి. వచ్చి నెల కావొస్తోంది. కిటికీలు తెరిచిపెట్టి, గుడ్డ తెరలు వాన లోపలికి రాకుండా, గాలి ఆగకుండా కట్టించాను. జబ్బుమనుషులు ముందునుంచి ఎక్కుతారు. సిలిండర్లు, అన్నం వెనక మెట్లనుంచి. పోయినవాళ్ళు కూడా వెనక మెట్లనుంచే.

 పోయిన గురువారం పడవలో ఒక మనిషిని తెచ్చారు. ఉ తాన్ అని పేరు చెప్పారు. గడ్డం పెరిగి, బాగా చిక్కిపోయి ఉన్నాడు. నేను మంచం నంబరు రాసుకుంటూ దగ్గరికి వెళ్ళాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, పైకప్పు చూసి, "నీళ్ళు కారుతున్నాయా?" అన్నారు.

సయా.

"లేదు సయా" అన్నాను. ఒక మూల కారుతోంది, చెప్పలేదు.

నది ఇవతలే ఉన్నారట ఇన్నాళ్ళూ, చేపల వాళ్ళ ఇళ్ళలో. డా ఖిన్ మేకి కబురు పంపి, ముసుగేసి పడవలో తీసుకొచ్చాం. పక్కన కూర్చుంటున్నారు. నిన్న కాస్త తేరుకుని, "నీ దరఖాస్తు ఏమైంది?" అని అడిగారు. ఆపేశానన్నాను. ఆయాసపడుతూనే కోప్పడ్డారు. "కాగితం తే, సంతకం పెడతాను." తేలేదు వదినా. ఆ సంతకం పక్కన తేదీ ఉంటుంది. ఆయన బతికి ఉన్నారని, ఇక్కడే ఉన్నారని ఆ తేదీ చెబుతుంది. "తర్వాత, సయా" అన్నాను. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొహం తిప్పుకున్నారు.

ఇక్కడ ఇంటర్నెట్ లేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే పంపుతాను.

తార

*

షెఫీల్డ్
29 జూలై 2021

తారా,

నీ ఉత్తరం రెండు నెలలుగా లేదు. మీ అన్న రోజూ ఏడుగంటలకి మెయిల్ తెరుస్తాడు. కోపమా, పనుల్లో ఉన్నావా, ఆ వార్తల్లో చూస్తున్న జ్వరమా, ఒక్క ముక్క రాయి.

నీకు ఒక మంచి మాట. సంస్థలో నీ ఫైలు చూసే ఆవిడతో నేరుగా మాట్లాడాను, మీ ఊరి పరిస్థితి వివరంగా చెప్పాను. ఆవిడ ఎంతో బాధపడింది. సయా సంతకం మూసిన కవరులా పంపితే, ఒక్క ఆవిడ తప్ప ఎవరూ చూడరట. తేదీ కూడా అక్కర్లేదట. ఆయన ఎక్కడున్నా సరే, ఎవరి ద్వారానైనా ఒక్క సంతకం తెప్పించు. అయిపోతుంది, తారా! ఆయనకీ సంతోషంగా ఉంటుంది.

నీ వదిన
ఆశ

*

దలా
8 ఆగస్టు 2021

వదినా,

నీ ఉత్తరం, నాది దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నీది నిన్న చదివాను.

సయా జూలై ఆఖరున పోయారు. సిలిండరు ఉంది, అందుకు లోటు లేదు. ఊపిరితిత్తులే నిలవలేదు. డా ఖిన్ మే చేయి పట్టుకుని ఉన్నారు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. శ్మశానంలో ఉ తాన్ అనే చెప్పాం. ఏడో రోజు భిక్షువులకి అన్నం పెట్టినప్పుడు కూడా ఆ పేరు మీదే పుణ్యం పంచారు. డా ఖిన్ మే ఆ పేరు విన్నప్పుడల్లా, ఎవరో పరాయివాళ్ళ కార్యానికి వచ్చినట్టు చుట్టూ చూశారు.

తేదీ అక్కర్లేదని నువ్వు రాసిన చోట ఆగిపోయాను. ఆయన కాగితం అడిగిన రోజు నేను ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు తప్పు చేశావని కాదు. నేను చేశానని కూడా కాదు. కానీ కాళ్ళు ఒకచోట నిలవడంలేదు. పగలంతా ఆ మూడంతస్తులూ ఎక్కి దిగుతూనే ఉన్నాను. డాక్టర్ అంటున్నారు, "నీకు జ్వరం వస్తే తప్ప కూర్చోవు" అని.

అత్త బాగుంది. అన్నకి చెప్పు.

తార

*

షెఫీల్డ్
19 సెప్టెంబరు 2021

తారా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో. ఆయన మొదటిసారి నా గీత చూసి, "ఇక్కడ వాన పడదనుకున్నావా?" అని అడిగిన రోజే గుర్తొస్తోంది. మీ అన్న దీపం పెట్టాడు. అసలు పేరే చెప్పి పెట్టాడు. ఇక్కడ ఎవరు వింటారు!

కోటు నేనే వేసుకుంటున్నాను. ఎరుపు నాకు బానే ఉంది. గదిలోంచి బల్ల మాత్రం తీయలేదు, నా పనికి వాడుకుంటున్నాను. నిన్ను రమ్మని ఇక అడగను. రావాలనిపిస్తే నువ్వే చెబుతావు.

ఒక్కటే అడుగుతాను, నిన్ను నెట్టడానికి కాదు. మన ధనరాజ్ గారు గుర్తున్నారా, గంజాం వాళ్ళు, దలా ఆసుపత్రి పునాది లెక్కలు వేసిన ఇంజనీరు? ఇప్పుడు బ్యాంకాక్‌లో ఉన్నారు. ఆయన తనంతట తానే నాకు ఫోన్ చేసి, "తార పని నేను మొదటినుంచీ చూశాను, సంతకం నేను పెడతాను" అన్నారు. నేనెవరికీ ఫోన్ చేయలేదు, ఒట్టు. నీకు ఇష్టమైతే అవునని ఒక్క మాట రాయి. లేదంటే ఈ ముక్క చదవనట్టే ఉండు.

నీ వదిన
ఆశ

*

తామ్వే
12 డిసెంబరు 2021

వదినా,

ఫలితం నాకంటే ముందు నీకే తెలిసి ఉంటుంది. అయినా రాస్తున్నాను, నా చేత్తో రాయాలని ఉంది. నేను చార్టర్డ్ టెక్నాలజిస్టుని. అత్త పక్కవాళ్ళందరికీ చెప్పింది. ఏమని చెప్పిందని అడిగితే, "మా తార గీసిందానికి మా తారే పూచీ అంట, సీమలోన రాసుకున్నారు" అని చెప్పిందట. అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను.

ధనరాజ్ గారి సంతకానికి అవునని రాశాక ఇంటర్వ్యూ సంగతి నీకు చెప్పలేదు కదా. స్నేహితురాలి ఇంట్లో, మధ్యాహ్నం పూట కూర్చున్నాను. ముందు రోజు డా ఖిన్ మే తానూ వస్తానన్నారు. ఎందుకని అడగలేదు. కెమెరాకి కనిపించకుండా తలుపు పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. దారిలో ఆవిణ్ణి ఒకటే అడిగాను: "వాళ్ళు నాకు పని నేర్పిందెవరని అడుగుతారు. ఏం చెప్పమంటారు?" ఇన్ని నెలలుగా ఆ పేరు మేం ఇంట్లో కూడా పైకి అనలేదు. ఆవిడ కాసేపు నడిచి, "ఇప్పుడాయన్ని ఎవరు పట్టుకుపోతారు? చెప్పు" అన్నారు.

నువ్వన్నట్టే వాళ్ళిద్దరూ మర్యాదస్తులు. ఒకాయన, ఒకావిడ. మధ్యలో తీగ రెండుసార్లు తెగింది, ఓపిగ్గా ఆగారు. గోడకీ కప్పుకీ మధ్య అతుకు గురించి అడిగారు. కారుతున్న ఆ మూల గురించి నేనే చెప్పాను, ఎందుకు కారుతోందో, ఇప్పుడైతే ఎలా గీస్తానో. ఆవిడ రాసుకుంది. వెనక మెట్ల గురించి అడిగినప్పుడు ఉద్యోగం పోయిన సంగతి చెప్పాను. వాటిమీద ఏం మోశామో చెప్పబోయి సగంలో ఆపేశాను. ఆయన నీళ్ళు తాగమన్నాడు, తొందరేమీ లేదన్నాడు.

అప్పుడు ఆవిడ అడిగింది, ఈ పనిలో నీకు దారి చూపిందెవరు అని.

ఉ సో తెయిన్ అని చెప్పాను. వాళ్ళకి సరిగ్గా వినబడలేదు, తీగ గరగరలాడింది. మళ్ళీ చెప్పమన్నారు. ఉ సో తెయిన్, గట్టిగా చెప్పాను. ఆవిడ అది రాసుకుంటూ, పలకడం సరిగ్గా వచ్చిందో లేదోనని తను కూడా ఒకసారి అని చూసి, "ఉ సో తెయిన్. ఇలాగేనా?" అంది. అవును, ఇలాగే అన్నాను. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారని అడిగితే, జూలైలో పోయారని చెప్పాను. ఇద్దరూ కాసేపు తల వంచుకున్నారు.

అంతా అయ్యాక కంప్యూటరు మూసి తిరిగి చూశాను. డా ఖిన్ మేకి ఇంగ్లీషు రాదని నీకు తెలుసు కదా వదినా. అంతసేపు మేం మాట్లాడినదాంట్లో ఆవిడకి అర్థమైంది ఆ పేరు ఒక్కటే. కుర్చీలో నిటారుగా, శాలువా సర్దుకుని, ఎవరో పెద్దలు తన ఇంటికి వచ్చి ఆయన్ని పేరు పెట్టి అడిగినట్టుగా కూర్చుని ఉన్నారు.

తార